కంటి సాక్ష్యం చాలదు

ఆయుధ పూజ నాడు ధర్మపురి, హోసూరు వైపు లేతు మిషన్లకూ లారీలకూ పసుపు కుంకుమలు పెట్టి గుమ్మడికాయ కొడతారు. పనిముట్టుకు మొక్కే మనం దానితో చేసే పనిని మాత్రం జ్ఞానమనం. పనితనం అని ఊరుకుంటాం. ముండకోపనిషత్తు విద్యను పరా (పైది), అపరా (కిందిది) అని రెండు చేసి, వేదాలను సైతం అపరలోనే చేర్చింది. అలాంటప్పుడు టంకం పెట్టే చెయ్యి వేదం చదివే నోటికన్నా ఒక మెట్టు కిందెందుకుండాలో ఆ విభజన చెప్పదు. ఏ ప్రమాణాన్ని, అంటే తెలుసుకునే ఏ దారిని, ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడం జ్ఞానమైతే, పాడైన లేజరును బాగుచేయడమూ జ్ఞానమే.

చౌక రకం ఆకుపచ్చ లేజర్ పాయింటర్లు చాలావాటిలో ఆకుపచ్చ నేరుగా పుట్టదు. 808 నానోమీటర్ల పరారుణ డయోడు ఒక స్ఫటికంలోంచి 1064 నానోమీటర్ల కాంతిని రాబడుతుంది. ఇంకో స్ఫటికం దాన్ని సగం చేసి 532కు తెస్తుంది. మనకు కనబడేది ఆ చివరిదొక్కటే. స్ఫటికాలు కాస్త జరిగితే ఆకుపచ్చ మందగిస్తుంది. లోపల ఫిల్టరు లేకపోతే పరారుణం మాత్రం ధారగా వస్తూనే ఉంటుంది. 2010లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పరీక్షించిన ఒక పాయింటర్లో ఆకుపచ్చకన్నా పరారుణమే ఎక్కువని తేలింది. ఆకుపచ్చ మందగించిన పాయింటర్ను చూసి కన్నేమో ‘ఇది చచ్చింది’ అంటుంది. కళ్లు జిగేల్మంటే రెప్ప పావు సెకనులో పడుతుంది గానీ, కనబడని కాంతికి ఎందుకు పడుతుంది? ప్రత్యక్షమొక్కటే ప్రమాణమన్న చార్వాకుడు ఈ రిపేరు బల్ల ముందు కూర్చుంటే తన ప్రమాణాన్నే పోగొట్టుకుంటాడు. పైనున్న చీటీ ‘5 మిల్లీవాట్ల లోపు’ అంటుంది. అది శబ్ద ప్రమాణం, అంటే మాటను నమ్మి తెలుసుకోవడం; అదీ అంటించినవాడు ఆప్తుడు, నమ్మదగినవాడు, అయితేనే. పని తెలిసినవాడు లేజర్ డయోడును తీసి, దాని చోట కొన్ని మామూలు డయోడులూ, 1 ఓమ్ రెసిస్టరూ పెడతాడు. రెసిస్టరు మీద మల్టీమీటరు 100 మిల్లీవోల్టులు చూపితే పారుతున్నది 100 మిల్లీయాంపులు. ఆ కరెంటును ఎవరూ చూడలేదు. పొగను బట్టి నిప్పును నిశ్చయించే నైయాయికుడి అనుమాన ప్రమాణమే ఇది, కాకపోతే ఇక్కడ వ్యాప్తి (పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్నలాంటి సంబంధం) తప్పితే డయోడు ఖర్చు. కరెంటు క్షణకాలం హద్దు దాటినా లేజర్ డయోడు పోతుంది. పోయాక కూడా ఉత్త ఎల్ఈడీలా మసకగా వెలుగుతుంటుంది. వెలుగుతోంది కదా, బతికే ఉందనుకోవడం మళ్లీ కంటి మాట వినడమే.

ఓమ్ సూత్రం పుస్తకంలో ఉంది కదా, చెయ్యెందుకని అడగవచ్చు. సూత్రం పుస్తకంలో ఉంది గానీ సంశయం బల్ల దగ్గరే పుడుతుంది. న్యాయసూత్రాలు రాసిన గౌతముడి పదహారు పదార్థాల్లో సంశయం ముందు, నిర్ణయం తర్వాత.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. చేతిపనిని విద్యగా పొగడడం ఈ నేలకు చేదు అనుభవమే. హోసూరు దగ్గరి తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ, మద్రాసు ముఖ్యమంత్రిగా 1953లో పల్లె బడులను రోజుకు మూడు గంటలకు కుదించి, మిగతా పొద్దు పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలన్నారు. కుమ్మరి కొడుకు కుమ్మరిగానే ఉండాలా అని జనం తిరగబడ్డారు; 1954లో కామరాజు ముఖ్యమంత్రిగా వచ్చాక ఆ పథకం పోయింది. ఆ కోపం న్యాయమైనదే. అయితే అక్కడ తప్పు చేతిది కాదు, చేతిని పుట్టుకకు కట్టేయడానిది. టంకం కంసాలి ఇంటి విద్యే కావచ్చు, రెసిస్టరు మీది రంగుపట్టీల లెక్క మాత్రం ఏ తాతా మనవడికి వారసత్వంగా ఇచ్చింది కాదు. పురోహితుడి కూతురూ చెప్పులు కుట్టేవాడి కూతురూ అక్కడ ఒకే చోట మొదలుపెడతారు. మల్టీమీటరూ, కాల్చుకోవడానికి నాలుగు డయోడులూ ఇద్దరి ఇళ్లలోనూ ఉండవు. బడి బీరువాలో ఉన్నాయా అంటే, ఆయుధ పూజ నాడు ఆ బీరువాకు బొట్టు పెట్టి మళ్లీ తాళం వేస్తున్నారు.