పెద్దమ్మా అని పిలిచాక

కొత్త వస్తువు ధర దాని మీద అంటించిన చీటీలో ఉంటుంది. మరి పాత వస్తువు ధర ఎక్కడుంటుంది? అమ్మేవాళ్ళకి తెలిసినదానికీ, కొనేవాళ్ళకి తెలిసినదానికీ మధ్య ఉన్న ఎడంలో ఉంటుందని నాకనిపిస్తుంది. ఇద్దరికీ సమానంగా తెలిస్తే బేరం చప్పగా ఉంటుంది. ఒకరికి తెలిసి మరొకరికి తెలియనప్పుడే అందులో రంజు. ఆ రంజులో కాస్త పాపం కూడా కలిసి ఉందా అన్నదే నా సందేహం.

ఒకప్పుడు మన ఇళ్ళలో పాతసామానంటే ఎవరికీ లెక్కే ఉండేది కాదు. ఇనప బీరువా రాగానే భోషాణం గొడ్లచావిడికి పోయింది. సోఫా రాగానే పడక్కుర్చీ అటకెక్కింది, లేదా పొయ్యిలోకి పోయింది. ఇవాళ అవే వస్తువులు దర్జాగా ముందుగదిలోకి తిరిగొస్తున్నాయి. మా చిత్తూరు జిల్లా వాళ్ళకి ఇలాంటివి చూడాలన్న సరదా పుడితే ఒకనాడు మద్రాసులో మూర్ మార్కెట్ ఉండేది. 1985లో అది కాలిపోయింది. ఇంకా దూరం వెళ్ళే ఓపికుంటే కారైక్కుడి ఉంది. బర్మా వ్యాపారంతో గడించిన చెట్టియార్లు కట్టుకున్న మేడలు ఒక్కొక్కటే విప్పేస్తుంటే, ఆ టేకు స్తంభాలూ, ద్వారబంధాలూ, పింగాణీ జాడీలూ అక్కడ దుకాణాలకి చేరుతూ ఉంటాయి.

ఇప్పుడు అంత దూరం పోనక్కర్లేదు. చిత్తూరు నుంచి పీలేరు వైపు వెళ్ళే దారీ, తిరుపతి దారీ విడిపోయే చోటు మా పూతలపట్టు. ఆ చుట్టుపక్కల రోడ్డు పక్కన రేకుల షెడ్డొకటి ఉంది. పాత ఇళ్ళు విప్పిన కొయ్యసామానంతా అక్కడికే వస్తుంది. చిలకలు చెక్కిన ద్వారబంధాలు, నవారు వదులైన పందిరిమంచం, ఏ ఇంటి బరువో మోసి మోసి ఇప్పుడు గోడకి చేరగిలబడిన స్తంభాలు, మూత ఎత్తితే ఇంకా కర్పూరం వాసన వేసే పెట్టెలు. తిరుపతి వెళ్ళొస్తూ కార్లు ఆపి చూసేవాళ్ళు ఎందరో. ఏం కొనకపోయినా సరే, అరగంట అందులో తిరిగితే నాలుగు ఇళ్ళకి పేరంటానికి వెళ్ళొచ్చినట్టుంటుంది.

తిరగ్గా తిరగ్గా విద్య కూడా పట్టుబడుతుంది. సొరుగు లాగి పక్కల్నీ అడుగునీ చూడాలి. చేత్తో చేసిన పనైతే మూలల్లో పలకని పలకకి బిగించిన పళ్ళు ఒక్కొక్కటీ ఒక్కో కొలతలో ఉంటాయి. మిషను పనైతే అన్నీ కవలపిల్లల్లా ఉంటాయి. చెయ్యి తగిలేచోట కొయ్య అరుగుతుంది, తగలనిచోట అరగదు. అన్నిచోట్లా ఒక్కలాగే అరిగిందంటే అది వయసు కాదు, ఉప్పుకాగితం పని!

ఇంతవరకూ బాగానే ఉంది. విద్యతోపాటు గర్వం కూడా వస్తుంది. నలుగురం చేరినప్పుడు ఒకావిడ అంటుంది: "ఈ భోషాణం అయిదు వేలకి కొట్టేశానండీ! బయట ముప్పై వేలట." అందరం అబ్బురపడతాం. తెలుగులో ఈ 'కొట్టేయడం' అన్న మాట చూడండి. చవగ్గా కొన్నా అదే మాట, జేబులోంచి లాగేసినా అదే మాట. మనకున్న మొహమాటం మన భాషకి లేదు. ఆ పాతిక వేలు ఆకాశంలోంచి ఊడిపడలేదు కదా? అవి ఎవరికి రాకుండా పోయాయని మాత్రం ఆ నలుగురిలో ఎవరూ అడగరు.

నాకు ఈ ప్రశ్న పుస్తకంలోంచి రాలేదు, ఉయ్యాలబల్ల మీంచి వచ్చింది. మా ఆడపడుచు వాళ్ళ పల్లె పూతలపట్టుకి దగ్గరే. వాళ్ళ ఎదురింట్లో ఒక పెద్దావిడ ఉయ్యాలబల్ల అమ్ముతుందంటే చూడ్డానికి వెళ్ళాను. కొడుకు ఆ పాత ఇల్లు విప్పి మిద్దె కట్టిస్తున్నాడట. "బాగుండారా పెద్దమ్మా?" అని పలకరించాను. మజ్జిగ ఇచ్చింది. బల్ల మీదే కూర్చోబెట్టింది. అతుకు లేని ఒకే పలక, ఇత్తడి గొలుసులు.

"మా అత్తకి పుట్టింటోళ్ళు పెట్టింది మా. దూలమే లేకుండా పోతా ఉంటే ఇంక దీన్ని యాడ తగిలించేది? నువ్వు మన పిల్లవి. మూడు వేలు ఇచ్చి తీసకపో" అంది.

దీనికన్నా నాసిరకం బల్లకి షెడ్డులో 28 వేలు చెప్పగా నేను విని ఉన్నాను. ఆ మాటకొస్తే గొలుసుల ఇత్తడి తూకానికి వేసినా మూడు వేలు దాటుతుంది. చేతిలో మజ్జిగ గ్లాసు, సంచిలో మూడు వేలు. నోరు తెరవకుండా ఉంటే చాలు. అబద్ధం కూడా ఆడక్కర్లేదు.

చెప్పేశాను. ఆవిడ సంతోషిస్తుందనుకున్నానా, అనుమానంగా చూసింది. "అంత పలికేదైతే నువ్వు నాకెందుకు చెప్తావు?" అంది. తరవాత అల్లుడికి ఫోను చేయించింది, నాలుగు చోట్ల వాకబు చేయించింది. వారం తిరక్కుండా 22 వేలకి షెడ్డాయనకే ఇచ్చింది. అంత పెట్టి కొనడం నా తరం కాదు. "నోరు మూసుకోనుంటే బల్ల ఇప్పుడు మీ ఇంట్లో ఊగతా ఉండేది గదా వదినా" అంది మా ఆడపడుచు. మావారైతే ఒక్క ముక్కలో తేల్చేశారు: "నువ్వు మంచిదానివే గానీ తెలివైనదానివి కాదు."

తమాషా ఏమిటంటే, అచ్చంగా ఇదే మాట రెండు వేల ఏళ్ళ కిందట రోమ్‌లో అన్నారు. క్రీ.పూ. 44లో సిసిరో తన కొడుక్కి బుద్ధులు చెబుతూ రాసిన గ్రంథంలో స్కెవోలా అనే ఆయన సంగతి వస్తుంది. ఆయన ఒక పొలం కొనబోయి, బేరాలొద్దు, ఒకటే మాట చెప్పమన్నాడు. అమ్మేవాడు చెప్పాడు. "కాదు, నీ పొలం అంతకన్నా ఎక్కువ చేస్తుంది" అని స్కెవోలా దాని మీద లక్ష నాణేలు కలిపి ఇచ్చాడు. జనం అది మంచివాడు చేసే పనే అని ఒప్పుకుంటారు, తెలివైనవాడు చేసే పని మాత్రం కాదంటారు అని సిసిరో వాపోయాడు. మంచితనం ఒకటీ, తెలివి ఇంకొకటీ అని విడదీయడం దగ్గరే చెడుగంతా మొదలైందని ఆయన బాధ. మావారు సిసిరోని చదివినవారు కారు. ఆ మాట అనడానికి ఎవరినీ చదవనక్కర్లేదు మరి!

మరి చట్టం ఏమంటుంది? 1872 నాటి మన కాంట్రాక్టు చట్టంలో చిన్న ఉదాహరణలున్నాయి. ఒకడు జబ్బుగుర్రాన్ని వేలంలో అమ్ముతూ దాని జబ్బు సంగతి చెప్పకుండా ఊరుకుంటే అది మోసం కాదట. కానీ కొనేది అప్పుడే మైనారిటీ తీరిన అతని కూతురైతే, ఆ బంధుత్వాన్ని బట్టి చెప్పడం అతని విధి అవుతుందట. ఇద్దరు వ్యాపారస్తుల మధ్య అయితే, ధర మారిన సంగతి ఒకరికి తెలిసినా రెండోవారికి చెప్పి తీరాలని లేదట. అంటే మౌనం తప్పో ఒప్పో తేల్చేది మౌనం కాదు, ఆ ఇద్దరి మధ్యా ఉన్న వరస.

ఈ ఉదాహరణలు తెలిశాక నాకు షెడ్డాయన మీద కోపం లేదు. "తెలిసిందంతా ముందే చెప్పేస్తే నేనేం తినాల మా?" అంటాడాయన. నిజమే. లారీ బాడుగ, చెదల భయం, ఏళ్ళ తరబడి కొనేవాళ్ళ కోసం ఎదురుచూపు అన్నీ ఆయనవి. ఆయన వ్యాపారిగానే గడప తొక్కుతాడు, అవతలివాళ్ళు జాగ్రత్తగానే ఉంటారు. నూరేళ్ళ నాటిదని నిన్నమొన్నటిది అంటగడితే మాత్రం అది వేరే సంగతి. అది మౌనం కాదు, అబద్ధం.

మనబోటివాళ్ళ సంగతి అలా కాదు. మనం వ్యాపారులుగా వెళ్ళం, చుట్టాల్లా వెళతాం. మన దేశంలో పెద్దమ్మా, అత్తా, అక్కా అనకుండా పని జరగదు, అందరినీ అలాగే పిలుస్తాం, అంతమాత్రాన చుట్టరికమేనా అంటారేమో. ఒట్టి పిలుపైతే కాదు. కానీ ఆ పిలుపు విని ఆవిడ ధర తగ్గిస్తే? "నువ్వు మన పిల్లవి" అని మూడు వేలన్నది. అందులో కొంత తెలియనితనం, కొంత మాత్రం నా పిలుపుకి ఇచ్చిన ఖరీదు. చుట్టరికం కొద్దీ వచ్చే తగ్గింపు పుచ్చుకుంటూ, వ్యాపారికి చెల్లే మౌనం కూడా మనమే ఉంచుకుంటే ఎలా? ఒక చేత్తో రెండు తాంబూలాలు అందుకున్నట్టు కాదూ?

నిజం చెప్పాక కూడా చవగ్గా ఇస్తే హాయిగా తీసుకోవచ్చు. అప్పుడది ఆవిడ తెలిసి ఇచ్చింది. చవగ్గా కొనడం తప్పని నేననడం లేదు, అది మన ఆడవాళ్ళకి దేవుడిచ్చిన విద్య. కొనేటప్పుడు నాకు నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే. రేపు ఆ వస్తువు మా ముందుగదిలో చూసి ఎవరైనా "ఎంతకి కొన్నారండీ?" అని అడిగితే, అమ్మినావిడ పక్కనే కూర్చుని ఉన్నా సరే, అదే జవాబు అదే గొంతుతో చెప్పగలనా? చెప్పగలనంటే ఆ ధర న్యాయమైనదే. గొంతు తగ్గించాల్సి వస్తే, తక్కిన డబ్బు ఇంకా బాకీ ఉన్నట్టే.