చక్రం ఒక్కటే పెద్దదైతే...

కుక్కరుకి గాస్కెట్ కొనేటప్పుడు మనం ఎంత జాగ్రత్తగా ఉంటామో చూడండి. ఏ కంపెనీ, ఎన్ని లీటర్లు అని షాపువాడు అడుగుతాడు, మనం చెబుతాం. అంతేగాని "పెద్దదే ఇవ్వవయ్యా, గొప్పగా ఉంటుంది" అని ఏ ఇల్లాలూ అనదు. మూతకి పట్టని గాస్కెట్ ఎంత ఖరీదైనదైనా ఆవిరిని ఆపలేదని మనకి తెలుసు. ఇంత చిన్న సంగతి మోటారు బండి దగ్గరికి వచ్చేసరికి మగపిల్లలు ఎందుకు మరిచిపోతారో!

టైర్ల గురించి ఒక కథలు రాసుకునే ఆవిడ వ్యాసం రాయడమేమిటని నవ్వుకోకండి. మా అనంతపురం వైపు కుర్రాళ్ళకి ఈమధ్య ఒక సరదా పట్టుకుంది. బండి కొనీ కొనకముందే కంపెనీ టైర్లు పీకేసి, అవే రిములకి లావుపాటి, పళ్ళు పళ్ళుగా ఉండే 'ఆఫ్ రోడ్' టైర్లు వేయించాలంటారు. వాటిలో చాలామటుకు బురదలో దిగబడకుండా ఉండటానికి తయారైనవట. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే మహాభాగ్యమనుకునే సీమ మాది. ఇక్కడ బురద కావాలంటే వెతుక్కుంటూ పోవాలి!

మా అక్క కొడుక్కీ ఈ కోరిక కలిగింది. వాడు బొలెరో పికప్‌లో టమాటాలు బెంగుళూరుకి తోలుతుంటాడు. "ఎందుకురా ఇవి నీకు?" అని అడిగాను.

"రోడ్డు మీద వస్తాంటే నలుగురూ పక్కకి తప్పుకోవాల చిన్నమ్మా!" అన్నాడు.

నవ్వొచ్చింది. కాని నవ్వలేకపోయాను. వాళ్ళ తాత వేరుసెనగ విత్తి, మబ్బుల కేసి చూస్తూ ముసలివాడయ్యాడు. వాళ్ళ నాన్న మండీలో ఎవరో చెప్పిన ధరకి తలూపి ఇంటికి వచ్చేవాడు. కరువు ముదిరిన ఏడు ఇంటికి తాళం పెట్టి బెంగుళూరులో కూలికి పోయారు. తరతరాలుగా పక్కకి తప్పుకుంటూ వచ్చిన ఇంట్లో పుట్టినవాడు, ఒక్కసారి నాకూ దారి ఇవ్వండి అంటే తప్పెలా అవుతుంది? తాహతుకి మించిన కోరికలు వద్దని చెప్పడం సులువే. వినేవాడి చోట నిలబడి చూస్తేనే కష్టం తెలుస్తుంది.

టైర్ల షాపు ఆయన మాత్రం వాడికి నీతులేమీ చెప్పలేదు. పాత టైరు మీద అచ్చేసిన అంకెలు చూపించాడు. 215/75 ఆర్ 15. అంటే టైరు వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో నూటికి 75 వంతులు, రిము 15 అంగుళాలు. లెక్క కడితే నిలబెట్టిన టైరు ఎత్తు దాదాపు 703 మిల్లీమీటర్లు. మావాడు మోజుపడ్డది 31 అంగుళాలది, అంటే 787. వెడల్పు పదిన్నర అంగుళాలు.

"ఇంత వెడల్పు టైరుకి తక్కువలో తక్కువ ఏడంగుళాల రిము ఉండాల. సన్న రిములో కుక్కితే పక్కలు ముడుచుకుని నడుము ఉబ్బుతాది. నడిమధ్యనే అరుగుతాది. మలుపు తిప్పితే లోపల రేకుకి రాసుకుంటాది" అన్నాడాయన. ఇంత చేస్తే బండి లేచే ఎత్తెంత? పెరిగిన 84లో సగం. రెండు మూడు వేళ్ళ మందం!

ఆ తరువాత ఆయన అన్న మాటే నన్ను పట్టుకుంది. "మీటరుకి ఇదంతా తెలీదు కదమ్మా. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో అదే దాని లెక్క. ఒక్క చుట్టుకి ఎంత దూరం పోయిందో దానికేం తెలుసు?"

నిజమే. చక్రం నూటికి 12 వంతులు పెరిగింది. ముల్లు 80 దగ్గర నిలబడి ఉంటుంది, బండి 90కి దగ్గర్లో పోతుంటుంది. తోలేవాడు అబద్ధం చెప్పడం లేదు. ముల్లూ చెప్పడం లేదు. అయినా అక్కడ అబద్ధం ఉంది. బ్రేకు సంగతీ అంతే. చక్రం ఎత్తూ బరువూ పెరిగాయి, ఆపవలసిన బ్రేకు పాతదే. ఇంజను పెరగలేదు, గేర్లు మారలేదు. పెరిగింది ఒక్క చక్రమే.

2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళిన మన పెనుకొండ దగ్గరే 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అక్కడైనా, మరెక్కడైనా, కారుకి చక్రం ఎంచేటప్పుడు బ్రేకు, గేరు, స్ప్రింగు, మీటరు అన్నిటినీ కలిపి లెక్క వేస్తారు. పైగా మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు, కాస్త ఎక్కువ చూపినా ఫరవాలేదు అనేది దాన్ని తయారుచేసేవాళ్ళ నియమం. "ఆలస్యమైంది, చీకటి పడుతోంది" అని అయిదింటికే హెచ్చరించే అమ్మలాంటి జాగ్రత్త అన్నమాట. పెద్ద టైరు ముందుగా మింగేది ఆ జాగ్రత్తనే. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ కాగితంలోని వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటోంది. అది కేవలం పోలీసుల కోసం రాసిన మాట కాదేమో!

ఈ తిరుగుడు లెక్క బండికే పరిమితం కాదు. మా సీమలో బోర్ల కథ చూడండి. భూమి అదే, వాన అదే. రెండు వందల అడుగుల్లో నీళ్ళు అందకపోతే ఐదు వందలు, అదీ ఎండితే వెయ్యి. ఇంకా పెద్ద మోటారు, దానికో అప్పు. మోటారు ఎన్ని గంటలు తిరిగిందో తెలుస్తుంది. కింద ఎంత మిగిలిందో ఏ ముల్లూ చెప్పదు. పెళ్ళిళ్ళలో మనం చేసేదీ ఇదే కాదూ? ఎన్ని విస్తళ్ళు లేచాయో లెక్కపెడతాం. అదే జీతంలోంచి ఆ విస్తళ్ళ బాకీ ఎన్నేళ్ళు తీర్చాలో పెళ్ళినాడు ఎవరు అడుగుతారు?

అయితే కంపెనీ ఇచ్చిన కొలతలోనే పడి ఉండమంటారా అని మీరు అడగవచ్చు. ఆ మాట నేను చచ్చినా అనను. నేను బి.ఏ. చదువుతానన్నప్పుడు మా బంధువుల్లో ఒకావిడ, "ఆడపిల్లకి అంత చదువేమిటి, ఉన్నంతలో ఉండాలి" అంది. అదీ కొలత పేరుతో చెప్పిన మాటే! ఆడవాళ్ళ కొలత, పేదవాళ్ళ కొలత ఎవరు గీశారో, ఎవరి సుఖం కోసం గీశారో అడగకుండా వాటిని ఒప్పుకోనవసరం లేదు.

కాని చదువుకీ పెద్ద టైరుకీ తేడా ఉంది. చదువు మనిషిని పైకి కనిపించే చోట మాత్రమే పెంచదు. ఆలోచననీ పెంచుతుంది, తప్పు చేస్తే ఆగే శక్తినీ పెంచుతుంది, తనని తాను కొలుచుకునే ముల్లునీ సరిచేస్తుంది. రిము, బ్రేకు, మీటరు కలిసి పెరిగితే దాన్ని ఎదుగుదల అనవచ్చు. టైరు ఒక్కటే పెరిగితే అది వేషం. చదువుకున్నవాళ్ళలోనూ ఈ వేషం వేసేవాళ్ళు లేకపోలేదు. పదవి పెరుగుతుంది, కోపాన్ని ఆపుకునే బ్రేకు మాత్రం పాతదే ఉంటుంది. తాము మామూలుగానే మాట్లాడుతున్నామనుకుంటారు, ఎదుటివాళ్ళు తుళ్ళిపడతారు. ముల్లు 80 దగ్గరే ఉంది మరి!

మావాడు రిములూ బేరింగులూ అన్నీ మారిస్తే ఎంతవుతుందో అడిగి, అంకె విని కాసేపు మాట్లాడలేదు. చివరికి పాత కొలతలోనే గట్టి పళ్ళున్న టైర్లు వేయించుకున్నాడు. వాడి ఆశ చచ్చిపోయిందని నేననుకోను, చచ్చిపోవాలనీ కోరుకోను. రేపు పెద్ద బండే కొనుక్కోనీ, దానికి తగ్గ బ్రేకుతో.

ఎందుకంటే ఈ లెక్క తోలేవాడి ఒక్కడిదీ కాదు. కదిరి రోడ్డు మీద సాయంత్రం గొర్రెల్ని దాటించే ముసలామెని తలుచుకోండి. దూరంగా వస్తున్న బండిని చూసి, ఇంతసేపట్లో ఇక్కడికి వస్తుంది, ఈలోగా దాటేస్తాం అని ఆమె ఒక అంచనా వేసుకుంటుంది. ఎన్నో ఏళ్ళుగా చూసిన బండ్లే ఆమె కొలత. ఆమె ముందు మీటరు లేదు, లోపల కూర్చున్నవాడి ముల్లు ఎక్కడుందో ఆమెకి కనిపించదు. బ్రేకు వేస్తే బండి ఆగుతుందన్న ఒక్క నమ్మకంతో ఆమె రోడ్డు మీద అడుగు పెడుతోంది. మనం ఎంత పెద్దవాళ్ళమైనా సరే, ఆ నమ్మకాన్ని నిలబెట్టగలమా, లేదా? మీరేమంటారు?