పిలుపునకును వినికిడికిని నడుమ

శబ్దము ఆకాశగుణమని వైశేషికులు చెప్పిరి. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ సమీపమున కారు నిలిపి, దాని పైకప్పున అర మీటరు తీగను నిలబెట్టి, హామ్ రేడియోలో 145 మెగాహెర్ట్జులపై "సీక్యూ, సీక్యూ" (వినువారెవరైనను బదులిడుడు) అని పిలిచినప్పుడెల్ల నాకు ఆ మాట స్ఫురించును. తీగను వీడి పోవునది శబ్దము కాదు, సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పరుగిడు విద్యుదయస్కాంత తరంగము; అయినను వినువాడు లేని పిలుపు ఉన్నట్లా, లేనట్లా?

కారు కదలి నారాయణగూడ మేడల నడుమకు రాగానే ఎదుటి కంఠము తునుకలై తెగును. అశోక్‌నగర్ మలుపు తిరిగినంతనే అదే కంఠము మరల స్వచ్ఛముగా పలుకును. పలికెడివాడు అచ్చటనే యున్నాడు. నడుమ ఒక మేడ వచ్చి పోయినది. దైవము పలుకలేదని వగచు భక్తునికిని ఇట్లే జరుగుచున్నదేమో యని నాకు తోచును. మరియొకటి: మైకు ప్రక్కనున్న మీటను నొక్కిపట్టినంతసేపు మన మాట పోవునేగాని ఇతరుల మాట వినబడదు. ప్రార్థనలో మనమెన్నడైనను ఆ మీటను వదలితిమా?

2004 డిసెంబరు 26న సునామీ తాకి అండమానులో టెలిఫోనులు మూగవోయినప్పుడు, పోర్ట్‌బ్లెయిరుకు వెళ్లియున్న హామ్ రేడియో నిర్వాహకురాలు భారతీ ప్రసాద్ బృందమువారు తమ రేడియోతో ఆప్తుల క్షేమవార్తలను చేరవేసిరి. ఆవలి యొడ్డున ఎవరో, ముఖమెరుగనివారు, మీట వదలి చెవియొగ్గి యుండిరి.