దైవం, పురుషకారం: రెండు క్యాన్సర్ల నేపథ్యంలో కర్మ విచారం

వ్యాధి పూర్వకర్మ ఫలమా, లేక ఈ జన్మలో మనిషి చేసిన, చేయని పనుల పర్యవసానమా అన్న ప్రశ్న భారతీయ చింతనలో వైద్యశాస్త్రమంత పాతది. పూర్వజన్మలో చేసిన పాపం వ్యాధిరూపంలో బాధిస్తుందని చెప్పే సంస్కృత శ్లోకం తెలుగువారి ఇళ్లలో తరచు వినిపిస్తుంది గాని, వినిపించేది దాని మొదటి సగమే. ఆ బాధకు శాంతి ఎలా కలుగుతుందో చెప్పే రెండవ సగంలో జపహోమాల కంటే, అర్చన కంటే ముందు ఔషధం పేరే ఉందన్న సంగతి మరుగున పడిపోయింది. ఈ మరపు ఎంత నష్టం చేస్తుందో మూత్రాశయ క్యాన్సర్, ప్రొస్టేట్ క్యాన్సర్ల విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఒకదాని పక్కన ఒకటి ఉన్న అవయవాలకు వచ్చే రోగాలే అయినా, ఆ పాత ప్రశ్నకు ఇవి రెండూ ఒకే సమాధానం ఇవ్వవు.

చరకసంహిత విమానస్థానం మూడవ అధ్యాయంలో అగ్నివేశుడు, ఆయుర్దాయం ముందే నిర్ణయమై ఉంటుందా అని తన గురువైన ఆత్రేయుణ్ణి అడుగుతాడు. పూర్వదేహంతో చేసిన కర్మ దైవమని, ఈ దేహంతో చేసేది పురుషకారమని, ఆయుస్సు ఈ రెండింటి బలాబలాలను బట్టి ఉంటుందని, బలహీనమైన దైవాన్ని పురుషకారం అణచగలదని, బలమైన దైవం ముందు పురుషకారం ఓడిపోతుందని ఆత్రేయుడు సమాధానం చెబుతాడు. గట్టి బండి ఇరుసు సక్రమంగా వాడితే తన కాలం తీరాకే అరిగిపోతుందని, మితిమీరిన బరువు వేసినా, గతుకుల బాటన తోలినా నడుమనే విరుగుతుందని ఆయన చూపిన ఉపమానం. అంతా ముందే రాసిపెట్టి ఉంటే మందుకూ పథ్యానికీ పనే లేదన్న ఆయన వాదాన్ని గమనిస్తే, కర్మను అంగీకరిస్తూనే విధివాదాన్ని నిరాకరించడం ఈ దేశపు వైద్యానికి పునాది అని తెలుస్తుంది.

మూత్రాశయ క్యాన్సర్‌లో పురుషకారం వాటా పెద్దది. పొగాకు పొగలో ఉండే ఆరోమాటిక్ అమీన్లు అనే రసాయనాలు రక్తంలో చేరి, మూత్రపిండాల వడపోతలో మూత్రంలోకి దిగి, మూత్రాశయంలో గంటల తరబడి నిలిచి దాని లోపొరను దెబ్బతీస్తాయి. ఈ క్యాన్సర్ కేసుల్లో సుమారు సగానికి పొగతాగడమే కారణమని అంచనా. మానేసినవారికి ఏళ్లు గడిచేకొద్దీ ముప్పు తగ్గుతుంది. బుద్ధి, ధృతి, స్మృతి తప్పినవాడు చేసే అపచారానికి చరకుడు ప్రజ్ఞాపరాధమని పేరు పెట్టాడు గనుక, చుట్టనూ బీడీనీ ఆ కోవలో చేర్చి ఊరుకోవచ్చునని తోచవచ్చు.

అయితే 1895లో ఫ్రాంక్‌ఫర్ట్ శస్త్రవైద్యుడు లుడ్విగ్ రేన్, ఫుక్సిన్ అనే రంగును తయారుచేసే కార్మికుల్లో మూత్రాశయ కణుతులను గుర్తించాడు. కూలి కోసం ఆ రంగుల మధ్య నిలబడిన మనిషి ఏ బుద్ధి తప్పాడు? బెంగాల్ పల్లెల్లో ఆర్సెనిక్ కలిసిన బోరునీటిని మంచినీళ్లనుకుని తాగినవారు ఏ ధృతి కోల్పోయారు? దీనికి సమాధానం చరకుడి అదే అధ్యాయంలో ఉంది. అసలు ఆ అధ్యాయం జనపదోద్ధ్వంసం గురించినది, అంటే గాలి, నీరు, నేల, కాలం చెడి, వేరువేరు ప్రకృతులు గల మనుషులు ఒక్కసారే రోగాల పాలు కావడం గురించినది. ఆ చెడుకు మూలం అధర్మమని, అది దేశాన్నీ నగరాన్నీ ఏలేవారి వద్ద మొదలై ప్రజల దాకా పాకుతుందని అక్కడ ఉంది. రోగిని వేలెత్తి చూపే కర్మవాదం ఈ భాగాన్ని చదవని కర్మవాదమనే చెప్పాలి. పొగాకును అమ్మి లాభం గడించేవారి కర్మను లెక్కలోకి తీసుకోకుండా, తాగేవాడి కర్మ ఒక్కదాన్నే తూచడం న్యాయం కాదు.

ఈ రోగానికి ముఖ్యమైన తొలి గుర్తు నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడటం. వేడి చేసిందనుకుని బార్లీ నీళ్లు తాగేలోగా రక్తం తనంతట తానే ఆగిపోతుంది, నయమైన పేరు బార్లీ నీళ్లకు దక్కుతుంది, కణితి మాత్రం పెరుగుతూ ఉంటుంది. రక్తం ఒక్కసారి కనిపించినా సరే, సిస్టోస్కోపీ అనే పరీక్షలో సన్నని గొట్టం ద్వారా మూత్రాశయం లోపల చూడాలా అన్నది వైద్యుడే తేల్చాలి. గుర్తించే నాటికి నాలుగింట మూడు వంతుల కేసుల్లో వ్యాధి కండరపు పొరను ఇంకా చేరదు. అటువంటి కణితిని మూత్రమార్గం గుండానే గీకి తీసి, మళ్లీ వచ్చే ముప్పు ఎక్కువగా ఉన్నవారికి క్షయ టీకా అయిన బీసీజీని మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. 1976లో కెనడా వైద్యుడు అల్వారో మొరాలెస్ ప్రకటించిన ఈ పద్ధతి శరీరపు సొంత రక్షణశక్తినే క్యాన్సర్ మీదికి రేపుతుంది. కండరం దాకా పోతే కీమోథెరపీ, మూత్రాశయాన్ని తొలగించడం లేదా రేడియేషన్ తప్పవు.

ప్రొస్టేట్ క్యాన్సర్‌లో దైవం బరువు హెచ్చు. మూత్రాశయం కింద, మూత్రమార్గం చుట్టూ ఉండే ఈ గ్రంథికి వచ్చే క్యాన్సర్‌కు ప్రధాన కారణాలు వయస్సు, వంశం. వాటిని ఎవరూ ఎంచుకోలేరు. నివారణకు విటమిన్ ఇ, సెలీనియం మాత్రలు పనిచేస్తాయేమోనని అమెరికాలో 35,000 మందికి పైగా పురుషులతో జరిగిన పరిశోధనలో మేలు కనబడలేదు, పైగా విటమిన్ ఇ తీసుకున్నవారిలో క్యాన్సర్ కొంత పెరిగింది. పీఎస్ఏ అనే రక్తపరీక్ష వ్యాధిని ముందుగా పట్టగలదు గాని, ప్రాణానికి ఏనాడూ ముప్పు తేని మందకొడి క్యాన్సర్‌ను కూడా అది బయటపెడుతుంది.

కర్మ, అకర్మల భేదం పండితులకే చిక్కు అన్న గీతావిచారం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. బ్రిటన్‌లో, వ్యాధి గ్రంథి దాటని 1,643 మంది పురుషుల్లో కొందరికి శస్త్రచికిత్స, కొందరికి రేడియేషన్ చేసి, మిగిలినవారిని పరీక్షలతో కనిపెట్టి ఉండగా, 15 ఏళ్ల తరువాత మూడు వర్గాల్లోనూ ఆ క్యాన్సర్‌తో చనిపోయినవారు నూటికి ముగ్గురికి అటూఇటూగానే ఉన్నట్టు 2023లో వెల్లడైంది. కనిపెట్టి ఉన్నవారిలో వ్యాధి వ్యాపించినవారు ఎక్కువన్నది కూడా దాచరాని నిజం. శస్త్రచికిత్సతో మూత్రం నిలుపుకోలేకపోవడం, లైంగిక శక్తి తగ్గడం వంటి ఇబ్బందులు రావచ్చు గనుక, ముప్పు తక్కువ ఉన్నవారికి క్రమం తప్పని పరిశీలనే చికిత్సగా సూచించడం పరిపాటి అయింది. ఇది రోగాన్ని గాలికి వదిలేయడం కాదు. పీఎస్ఏ, ఎంఆర్ఐ, అవసరమైతే బయాప్సీలతో, భయానికి లొంగకుండా చేసే కఠినమైన పని.

వంశం అనే దైవం సైతం పూర్తిగా మూసిన తలుపు కాదు. బీఆర్‌సీఏ2 అనే జన్యువులో లోపం ఉన్న పురుషులకు ప్రొస్టేట్ క్యాన్సర్ తీవ్రంగా వచ్చే అవకాశం హెచ్చు. అదే లోపం ఆ క్యాన్సర్ కణాలను ఒలాపరిబ్ అనే మందుకు లొంగేలా చేస్తుంది, ముదిరిన వ్యాధిలో దాని వాడకానికి అమెరికా 2020లో అనుమతి ఇచ్చింది. ఆ జన్యులోపం ఆడబిడ్డలకు సంక్రమిస్తే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పుగా మారుతుంది గనుక, రోగి తన జన్యుపరీక్ష ఫలితాన్ని పరువు కోసం దాచిపెట్టుకోకుండా అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ పిల్లలకూ చెప్పవలసి ఉంటుంది.