పువ్వుకి పద్దు ఉంటుందా?

కొత్త సంవత్సరం వచ్చిందంటే చాలు, గుడిమల్కాపూరు మార్కెట్టులో తెల్లవారుజామున దిగిన గులాబీలు పొద్దెక్కేసరికి ఆఫీసర్ల బల్లలమీద ఉంటాయి. పంపేది సరుకు అమ్మేవాళ్లు, కాంట్రాక్టర్లు. ఇది అభిమానమా, వ్యాపారమా అని మనం ముక్కున వేలేసుకుంటాం.

మరి మనం మాత్రం లెక్క లేకుండా ఇస్తామా? పేరంటంలో మూరెడు పూలు తుంచి ఇచ్చేటప్పుడు, ఆవిడ కిందటి శ్రావణంలో మనకేం పెట్టిందో గుర్తుంటూనే ఉంటుంది. తప్పేం లేదు. చుట్టరికమైనా, వ్యాపారమైనా నిలిచేది ఇచ్చిపుచ్చుకోవడాలమీదే.

అయినా పువ్వులో ఒక సుగుణం ఉంది. వెండి కుందిలా బీరువాలో కూర్చుని, "నన్నిచ్చింది ఫలానావారు సుమా!" అని ఏళ్ల తరబడి గుర్తుచేయదు. 2017 జూన్‌లో ‘మన్ కీ బాత్’లో ప్రధాని మోదీ పూలగుత్తి బదులు పుస్తకం ఇమ్మన్నారు. పుస్తకం మంచిదే, కాదనను. కానీ వ్యాపారంలో మాత్రం వాడిపోవడమే పువ్వు గొప్పతనమనిపిస్తుంది నాకు. రెండు రోజుల్లో అదీ పోతుంది, మొహమాటమూ పోతుంది.

ఇక చూడవలసింది వేళ. బిల్లు మంజూరయ్యాక వచ్చిన పువ్వు కృతజ్ఞత. బిల్లు ఇంకా బల్లమీద ఉండగానే వచ్చిందా, అది పువ్వు కాదు, కబురు!

ఇంకో పరీక్ష కూడా ఉంది. ఆ పూలగుత్తి మోసుకొచ్చి బల్లమీద పెట్టే అటెండరమ్మకి అందులోంచి ఒక్క గులాబీ అయినా ఎవరైనా ఇస్తున్నారా? ఇస్తే అది మర్యాదేనని నమ్ముతాను. ఆవిడ ఎవరి బిల్లూ మంజూరు చేయలేదు కదా!