పొరుగువారి దాహం

 

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!

దివ్య ఖుర్ఆన్ 28వ సూరా అల్ ఖసస్‌లో హజ్రత్ మూసా (అ) మద్యన్ చేరుకున్న ఘట్టం ఉంది. ఆయన ఫిరౌను మనుషుల నుండి ప్రాణాలు కాపాడుకొని, దిక్కులేని బాటసారిగా ఒక బావి దగ్గరకు వచ్చారు. అక్కడ పశువుల కాపరులు గుంపుగా చేరి తమ మందలకు నీళ్లు పెట్టుకుంటున్నారు. ఇద్దరు స్త్రీలు మాత్రం తమ జీవాలను అదిలించుకుంటూ దూరంగా నిలబడిపోయారు. సంగతేమిటని మూసా (అ) అడిగారు. ఈ కాపరులంతా వెళ్లేదాకా తాము నీళ్లు పెట్టుకోలేమనీ, తమ తండ్రి బాగా వృద్ధుడనీ వారు చెప్పారు. ఆయన వారి జీవాలకు నీళ్లు పెట్టి, నీడకు వెళ్లి, ప్రభువు ముందు తన లేమిని మొరపెట్టుకున్నారు.

ఒక్క క్షణం ఆలోచించండి. ఆ స్త్రీలు నీళ్లు తోడుకోకూడదని ఎవరూ చట్టం చేయలేదు. బావి అందరిదే. అయినా బలమున్నవాడికి ముందు, బలం లేనివాడికి చివర. అసమానత అంటే ఇదే. దానికి కంచె అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. అందరూ తమ మంద చూసుకుంటే చాలు.

మన పక్కనే మరో బావి

మన తిరువూరు నుండి మైలవరం వైపు వెళ్లే దారిలోనే ఎ.కొండూరు మండలం ఉంది. అక్కడి తండాలలోని లంబాడీ సోదరులు ఎన్నో ఏళ్లుగా మూత్రపిండాల జబ్బుతో బాధపడుతున్నారు. ఎన్నో కుటుంబాలు సంపాదించే మనిషినే పోగొట్టుకున్నాయి. ఏళ్ల తరబడి వారు తాగినది బోరు నీళ్లు. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్, సిలికా వంటివాటి మీద అనుమానాలున్నాయి. ఎండలో చెమటోడ్చి తగినన్ని నీళ్లు తాగకపోవడం, ఒళ్లు నొప్పులకు అదేపనిగా మాత్రలు మింగడం కూడా మూత్రపిండాలను దెబ్బ తీస్తాయని వైద్యులు హెచ్చరిస్తున్నారు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం ఇదే జబ్బుతో దశాబ్దాలుగా నలిగింది. అక్కడి పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనది 2023 డిసెంబరులో. అప్పటికి ఒక తరం గడిచిపోయింది. అమెరికా వంటి సంపన్న దేశంలో కూడా, నల్లజాతి వారు ఎక్కువగా నివసించే ఫ్లింట్ పట్టణంలో 2014లో నీటి వనరు మార్చారు. కుళాయి నీళ్లలో సీసం కలిసింది. నీళ్లు బాగాలేవని జనం మొత్తుకున్నా చాలాకాలం వినే నాథుడు లేడు. దేశం ఏదైనా, బావి దగ్గర ఆఖరున నిలబడేది బలం లేనివారే.

డయాలసిస్ అంటే సాధారణంగా వారానికి రెండు, మూడు సార్లు. ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు. రోజు కూలీకి అది వారంలో సగం పని దినాలు పోవడమే. తోడు వచ్చే భార్య కూలీ కూడా పోతుంది. 2019 నుండి డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. అది మేలే. కానీ పింఛను జబ్బు ముదిరాక వచ్చేది. మంచి నీళ్లు జబ్బుకు ముందే అందవలసినవి.

“మన కష్టాలు మనకు లేవా?”

ఉన్నాయి. ముస్లింలు చదువులో, ఉద్యోగాలలో, బ్యాంకు రుణాలలో ఎంత వెనుకబడి ఉన్నారో 2006 నవంబరులో సచార్ కమిటీ నివేదిక దేశం ముందుంచింది. ముస్లింలలోని 14 వెనుకబడిన వర్గాలకు మన రాష్ట్రం 2007లో 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. ఆ 14 పేర్లలో ఫకీర్లు, హజ్జాములు, ధోబీలు ఉన్నారు. వారిని వెనకబడేలా చేసినది పరాయివాళ్లేనా? సంబంధం అడగడానికి వస్తే మనం ముఖం తిప్పుకోలేదా? హజ్రత్ అబూజర్ (రజి) ఒక వ్యక్తిని అతని తల్లి పేరెత్తి కించపరిస్తే, నీలో ఇంకా అజ్ఞాన కాలపు లక్షణం మిగిలి ఉందని మహాప్రవక్త (స) మందలించారు. (బుఖారి)

వెనుకబాటు రుచి తెలిసినవారు ఇతరుల బాధను ముందుగా గుర్తుపట్టాలి. మద్యన్‌లో మూసా (అ) కంటే నిరుపేద ఎవరు? ఇల్లు లేదు, తిండి లేదు, తరుముతున్న శత్రువు. “ముందు నా సంగతి తేలనివ్వండి” అని ఆయన అనలేదు.

“వారు మన ధర్మం వారు కాదు కదా” అనేవారూ ఉన్నారు. సూరా అన్ నిసా 36వ ఆయత్ బంధువైన పొరుగువానితో పాటు పరాయి పొరుగువాని హక్కును కూడా ప్రస్తావించింది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట మేకను కోసినప్పుడు, పొరుగున ఉన్న యూదునికి పంపారా అని ఆయన మళ్లీ మళ్లీ అడిగారు. పొరుగువాని గురించి జిబ్రీల్ (అ) ఎంతగా తాకీదు చేసేవారంటే, అతణ్ణి వారసుణ్ణి కూడా చేస్తారేమోనని ప్రవక్త (స)కు అనిపించిందట. (తిర్మిజీ) జబ్బుపడిన యూద బాలుణ్ణి పరామర్శించడానికి ప్రవక్త (స) స్వయంగా వెళ్లారు. (బుఖారి)

ఇక్కడ ఒక మస్అలా తెలుసుకోవాలి. జకాత్ ముస్లిం హక్కుదారులకే చెందుతుందని అత్యధిక ఫికహ్ పండితుల అభిప్రాయం. కానీ నఫిల్ సదఖా ఏ మతంవారికైనా ఇవ్వవచ్చు, పుణ్యం తగ్గదు. కాబట్టి జకాత్ నియమాన్ని అడ్డుపెట్టుకొని సదఖా తలుపు మూయకండి.

సదఖాలలో నీరు

మరణించిన తల్లి తరఫున ఏ సదఖా శ్రేష్ఠమని హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) అడిగితే, నీరు అని ప్రవక్త (స) సెలవిచ్చారు. (అబూదావూద్) మదీనాలో తియ్యని నీళ్లకు కటకటగా ఉన్న రోజుల్లో హజ్రత్ ఉస్మాన్ (రజి) రూమా బావిని కొని అందరికీ వదిలేశారు. మరి మనమేం చేయగలం?

మొదటిది, పనికి పిలిచేవారికి. తోటలోకి, కల్లంలోకి, హోటల్లోకి తండా కూలీలను పిలిచే మన సోదరులు వారికి మంచి నీళ్లు, కాసింత నీడ ఏర్పాటు చేయాలి. కూలీ అదే రోజు ఇవ్వాలి. డయాలసిస్‌కు వెళ్లే రోజు చూసి పని మాన్పించకూడదు.

రెండవది, మస్జిద్ కమిటీలకు. నీటి ట్యాంకరు, ఫిల్టరు పెట్టించడం గొప్ప పనే. అయితే మరమ్మతు చూసే మనిషి లేకపోతే ఆరు నెలలకే అది తుప్పు పడుతుంది. జారియా అంటే ఆగకుండా సాగేది. ఫలకం మీద పేరు సాగినంత మాత్రాన సదఖా సాగదు. ఇంకో మాట: నీళ్లు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు.

మూడవది, యువకులకు. దారి తెలియని రోగిని ఆసుపత్రికి తీసుకెళ్లండి, కాగితాలు రాసిపెట్టండి, రక్తం ఇవ్వండి. నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్లు వాడవద్దని చెప్పండి. బి.పి., షుగరు ఉన్నవారిని క్రియాటినిన్ పరీక్షకు పంపండి. ఈ జబ్బు చాలాకాలం చప్పుడు చేయదు. మన ఇళ్లలోని పెద్దవారికి కూడా ఈ మాట వర్తిస్తుంది.

నాలుగవది, అందరికీ. తండాలకు కృష్ణా నీళ్లు ఇంటింటికీ, రోజూ అందాలని అధికారులకు వారితో కలిసి అర్జీ పెట్టండి. యూఫ్రటీస్ ఒడ్డున ఒక మూగజీవం దిక్కులేక చనిపోయినా అల్లాహ్ తనను ప్రశ్నిస్తాడని హజ్రత్ ఉమర్ (రజి) భయపడేవారు. మన దారి పక్కన చనిపోతున్నది మనుషులు.

ప్రళయ దినాన మన నమాజుల లెక్కతో పాటు పొరుగువాని లెక్క కూడా తెరుచుకుంటుంది. తండా పేరు మేము వినలేదని ఆ రోజు చెప్పగలమా? రోజూ ఆ దారినే బస్సులో వెళ్లాము కదా!

ఓ అల్లాహ్! రోగులకు స్వస్థత ప్రసాదించు. దప్పికతో ఉన్నవారికి మంచి నీళ్లు అందించు. నీళ్లు తోడి పెట్టేవారిలో మమ్మల్ని చేర్చు, అడ్డుగా నిలబడ్డ కాపరుల్లో చేర్చకు. ఆమీన్.