కారణం అడగడం అత్యాశా?



మన అనంతపురం మెట్టసీమలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ సమయానికి రాదు. వేరుశనగ ఎండిపోతే మబ్బును కారణం అడగలేం. మన ప్రాప్తం ఇంతే అనుకొని మళ్ళీ విత్తుతాం. ఆ ఓర్పు గొప్పదే. కాని మనుషులు చేసిన పొరపాటుకు కూడా అదే ఓర్పు చూపాలా?

ఈమధ్య ఒక మాజీ సైనికుడు నా దగ్గరకు వచ్చారు. ఏ జబ్బూ లేకుండా సైన్యంలో చేరి, మోకాళ్ళు పోగొట్టుకొని ఇంటికి చేరిన మనిషి. వైద్య మండలి పరీక్ష కొద్ది నిమిషాల్లో ముగిసిందట. సైనిక సేవతో సంబంధం లేదని ఒక్క ముక్క రాశారు. ఎందుకో రాయలేదు. అప్పీలు చేయమన్నాను. "దేశం కోసం పోయినోణ్ణి, ఇప్పుడు దుడ్ల కోసం కొట్లాడాల్నా ఫాదర్?" అన్నారాయన.

ఇది చిన్న ప్రశ్న కాదు. ఎవరికి చెందవలసినది వారికి ఇవ్వాలనే స్థిర సంకల్పమే న్యాయమని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. ఆ లెక్కన వైకల్య పింఛను దానం కాదు. చేయి చాచడం వేరు, బాకీ లెక్క సరిచూడమనడం వేరు.

ధరంవీర్ సింగ్ కేసు చూడండి. ఆయన 1985లో సిగ్నల్స్ దళంలో సిపాయిగా చేరారు. మూర్ఛవ్యాధి వచ్చింది, 20 శాతం వైకల్యమని 1994లో పంపించేశారు. జబ్బు సేవవల్ల రాలేదంటూ పింఛను నిరాకరించారు. 2013 జులై 2న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. చేరేనాటి రికార్డులో జబ్బు నమోదు కాకపోతే ఆరోగ్యవంతుడిగానే చేరినట్టు భావించాలి, కాదని నిరూపించే భారం ప్రభుత్వానిదే, కారణాలు చూపని వైద్య మండలి అభిప్రాయం చాలదు అన్నది. ఆ తీర్పుకు ఆధారం 1982 నాటి నియమాలు. 2023లో కొత్తవి వచ్చాయి. విరమణ తేదీని బట్టి తమకు ఏవి వర్తిస్తాయో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగాలి. పై అధికారులకు చేసిన అప్పీలు ఫలించకపోతే, 2007 చట్టంతో ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది.

గమనించారా? ఆ తీర్పు దయ చూపమనలేదు, కారణం చెప్పమంది. వాన కారణం చెప్పదు. ఒకరి బతుకుకు అంకె వేసిన మనిషి మాత్రం చెప్పి తీరాలి. పునీత పౌలుగారు కైసరుకు అప్పీలు చేసుకొన్నారు. ఆయనను అత్యాశపరుడని ఎవరమూ అనం కదా!

అయితే సత్యం మనల్నీ కట్టివేస్తుంది. లేని నొప్పి చెప్పకూడదు. ఉన్న నొప్పిని పౌరుషం కొద్దీ దాచనూ కూడదు. ఎలా ఉన్నావని డాక్టరు అడిగితే, "బాగున్నా సార్" అన్నారట మన సైనికుడు. అదీ అసత్యమేనని చెప్పాను. చాలాసేపు మౌనంగా కూర్చొని, చివరికి అప్పీలు కాగితం మీద సంతకం పెట్టారు.

మీ వీధిలో ఇటువంటివారు ఉంటే, చదువుకొన్న మీ పిల్లలను ఒక సాయంత్రం వారింటికి పంపండి. ఆ ఇంగ్లీషు కాగితంలో ఏముందో ముందుగా చదివి చెప్పనివ్వండి.